నిలువు ఫొటోకి కుడిచెయ్యి పైకా, కిందికా?

కావలి తమ్ముడు అడిగింది ఇది: పెళ్ళిళ్ళలో కెమెరా నిలువుగా తిప్పితే ఫొటోలు షేక్ అవుతున్నాయి, మనుషులంతా ఒకే పక్కకు వాలినట్టు వస్తున్నారు. కుడిచెయ్యి పైకి రావాలా, కిందికి పోవాలా?

మామూలుగా పైకే. అయితే నీ షేక్‌కి అసలు కారణం ఎడమచెయ్యి అయ్యుంటుంది. కెమెరాతో పాటు ఎడమచేతిని కూడా తిప్పేసి, ఫోన్ పట్టుకున్నట్టు కెమెరా బాడీని పక్కనుంచి పట్టుకుంటారు చాలామంది. దాంతో బరువంతా కుడిచేతి వేళ్ళకి వేలాడుతుంది. 70-200 ఎఫ్2.8 లాంటి పెద్ద జూమ్ లెన్సే మోడల్‌ని బట్టి కిలో నుంచి కిలోన్నర, బాడీ, ఫ్లాష్ కలిపితే రెండు కిలోలు దాటిపోతుంది. జీలకర్ర బెల్లం వేళకి వేళ్ళు వణకడం మొదలుపెడతాయి.

అడ్డం ఫొటో తీసేటప్పుడు ఎడమ అరచెయ్యి లెన్సు కింద ఎలా ఉందో, నిలువుకి తిప్పినా అలాగే ఉండాలి. చెయ్యి కదలదు, దాంట్లో లెన్సు తిరుగుతుంది. 50ఎంఎం లాంటి పొట్టి లెన్సయితే బాడీ ఎడమ చివర ఇప్పుడు కిందికి వస్తుంది కదా, దాన్ని బొటనవేలి మొదట్లో ఉండే కండ మీద ఆనించు, మిగతా వేళ్ళు రింగు మీద ఉంటాయి. ఎడమ మోచెయ్యి పక్కటెముకలకి ఆనాలి. కుడిచెయ్యి పూర్తిగా వదిలేసినా కెమెరా పడిపోకుండా నిలబడిందంటే పట్టు కుదిరినట్టే. బెల్టు మెడలో వేసుకుని ఇంట్లో ఒకసారి వదిలి చూడు.

ఇక వాలడం సంగతి. కెమెరా అడ్డంగా ఉన్నప్పుడు షట్టర్ నొక్కితే ఆ ఒత్తిడి కిందికి పోతుంది, అక్కడ ఎడమచెయ్యి కాసుకుని ఉంటుంది. కుడిచెయ్యి పైన పెట్టి నిలువుగా తిప్పాక అదే నొక్కుడు కుడివైపుకి తోస్తుంది. కాసేవాడు లేడు. కెమెరా పై చివర కొంచెం కుడికి ఒరుగుతుంది, ఫొటోలో పెళ్ళికూతురు ఎడమకి వాలినట్టు వస్తుంది. ప్రతి ఫొటో ఒకే పక్కకి వాలుతోందంటే దాదాపు ఇదే. సగం నొక్కి ఫోకస్ పట్టాక, మిగతా సగం గుచ్చినట్టు నొక్కబాక, వేలిని బటన్ మీద మెల్లగా దొర్లించు. వ్యూఫైండర్‌లో లెవెల్ గీత ఉంటే ఆన్ చేసుకో. కొత్త బాడీల్లో చాలావరకు అది నిలువులో కూడా పనిచేస్తుంది.

కుడి మోచేతిని కూడా కోడి రెక్కలా ఎగరేయబాక. తలంబ్రాల దగ్గర పక్కనున్న వీడియో అన్నకి తగులుతుంది, నీకూ భుజం లాగుతుంది. పైచేతితో మోసే పని లేదు కాబట్టి వేళ్ళ కొసలతో పట్టుకుంటే చాలు, మోచెయ్యి దానంతటదే సగానికి దిగుతుంది.

కుడిచెయ్యి కిందికి పెట్టే పద్ధతీ తప్పేం కాదు. రెండు మోచేతులూ ఒంటికి ఆనుతాయి, జనంలో ఇరుక్కున్నప్పుడు అదే నయం. కాకపోతే మణికట్టు బాగా వంగుతుంది, పెద్ద లెన్సుతో ఎక్కువసేపు ఆగలేవు. ఏ కంటితో చూస్తావన్నది కూడా ఇక్కడే తేలుతుంది. కుడికంటి వాళ్ళకి కుడిచెయ్యి పైనుంటే బాడీ చెంప మీదకి పోయి ముక్కుకి చోటుంటుంది, కింద పెడితే ముక్కు స్క్రీన్‌కి నొక్కుకుంటుంది. ఎడమకంటి వాళ్ళకి సరిగ్గా తిరగబడుతుంది. టచ్‌స్క్రీన్ బాడీల్లో ముక్కు తగిలి ఫోకస్ పాయింట్ ఎక్కడికో ఎగిరిపోతే కెమెరా చెడిపోయిందనుకుంటారు. వ్యూఫైండర్‌లో చూస్తున్నప్పుడు టచ్ పనిచేయకుండా మెనూలో ఆపెయ్యి.

ఫ్లాష్ దగ్గర మాత్రం నిదానంగా ఆలోచించు. కుడిచెయ్యి పైనుంటే ఫ్లాష్ ఎడమ పక్కకి వస్తుంది, గోడకి దగ్గరగా నిలబడ్డ మనుషుల నీడ కుడివైపు నల్లగా పడుతుంది. సీలింగ్‌కి బౌన్స్ కొట్టాలంటే, అంటే వెలుగు అక్కడ తగిలి మనుషుల మీద పడాలంటే, అడ్డంలో చేసినట్టు ఫ్లాష్ తలని పైకి లేపితే వెలుగు ఎడమ గోడకి పోతుంది. తలని ముందుకి దించి, కెమెరా కుడి చివరవైపు, అంటే కుడిచెయ్యి ఉన్న వైపు, 90 డిగ్రీలు తిప్పు, అప్పుడు సీలింగ్‌ని చూస్తుంది. కుడిచెయ్యి కింద పెడితే కెమెరా ఎడమ చివరవైపు తిప్పాలి. రంగుల షామియానా కింద బౌన్స్ ఆశపడబాక, ఎర్రగుడ్డకి కొడితే మొహాలు ఎర్రబడతాయి.

షట్టర్ స్పీడ్ అందరికీ తెలిసిన లెక్కే: 200ఎంఎంకి కనీసం 1/200 సెకను, క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) బాడీ అయితే ఒకటిన్నర రెట్లు. నిలువులో పట్టు కొంచెం తక్కువ కాబట్టి ఒక స్టాప్ పైకి, అంటే రెట్టింపు స్పీడ్‌కి పోవడం మంచిది. సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో మామూలుగా వాడగలిగే గరిష్ఠ షట్టర్ స్పీడ్) దాటితే అడ్డం ఫొటోలో పైనో కిందో వచ్చే నల్లపట్టీ నిలువులో పక్కన వస్తుంది. అది చూసి ఎవరో అడ్డమొచ్చారనుకోబాక. స్టేజీ వెనక ఎల్ఈడీ గోడ గీతలు కూడా అంతే, నిలువు ఫొటోలో నిలువుగానే పడతాయి. ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపి, స్పీడ్ 1/100 దగ్గరికి దించి చూడు.

బాడీ కింద బిగించే బ్యాటరీ గ్రిప్ కొంటే ఈ మోచేతి గొడవలు సగం పోతాయి. దాని షట్టర్ బటన్ కెమెరా కుడి చివర పైకొచ్చేలా తిప్పినప్పుడు నొక్కడానికే పెట్టి ఉంటుంది. బరువు మాత్రం పెరుగుతుంది. అడ్డంలో తీసేటప్పుడు అరచెయ్యి తగిలి క్లిక్ కాకుండా గ్రిప్ లాక్ వేసెయ్యి.

చుట్టూ ఎంత చోటు వదిలి తియ్యాలో కూడా చూసుకో. 12×36 ఆల్బం షీటులో నిలువు ఫొటో నిండుగా పెడితే 12 ఎత్తుకి 8 అంగుళాల వెడల్పు. అదే ఫొటో రీల్‌కి 9:16లో కట్ చేస్తే వెడల్పులో ఆరోవంతు దాకా పోతుంది, అంచుల్లో చేతులు పెట్టబాక. అన్నీ నిలువుగానే తియ్యాలనీ లేదు. ఒంగోలు గిత్తని పక్కనుంచి తీసేటప్పుడు అడ్డమే అందం, నిలువు దాని మూపురానికి ఎదురుగా నిలబడినప్పుడు.

మైపాడు బీచ్‌లో ట్రైపాడ్ వేసేవాళ్ళకి ఒక్క మాట. బాల్‌హెడ్‌ని (ట్రైపాడ్ పైన కెమెరాని అటూ ఇటూ తిప్పే గుండు) పక్క గాడిలోకి వాల్చి నిలువు చేస్తే బరువంతా ఒక పక్కకి పోయి, తడి ఇసుకలో ఆ వైపు కాలు దిగబడుతుంది. కాలర్ (లెన్సుని ట్రైపాడ్‌కి బిగించే పట్టీ) ఉన్న లెన్సయితే నట్టు వదులు చేసి లెన్సునే 90 డిగ్రీలు తిప్పు. లేకపోతే ఎల్ ప్లేటు (కెమెరాని నిలువుగా కూడా బిగించుకునే ఎల్ ఆకారపు పట్టీ) కొనుక్కో, బాడీ మోడల్‌కి సరిపడేది చూసి. ఏదీ లేకపోతే ఒక కాలు ఆ గాడి కిందికే వచ్చేలా ట్రైపాడ్ తిప్పి నిలబెట్టు.