మూడున్నర నెలలకు ముందే తిరిగొస్తే నష్టమే

ప్రశ్న: ఘర్షణలు జరుగుతున్న ప్రాంతంలో ఏడాది కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. ఇప్పటి జీతానికి 2.2 రెట్లు ఇస్తామంటున్నారు. ఇంటి రుణం ఉంది, ఇద్దరు చిన్నపిల్లలు. టర్మ్ పాలసీ ఉంది. వెళ్లొచ్చా?

జవాబు: 12 నెలలూ అక్కడే ఉంటానని మీరు లెక్క వేసుకున్నారు. అలాంటి చోట్ల ముందుగా తప్పేది ఆ లెక్కే. ఇప్పటి జీతం నెలకు 100 అనుకుంటే, అక్కడ అదనంగా వచ్చేది 120. తిరిగొచ్చాక ఉద్యోగం వెతకడానికి 3 నెలలు పడితే 300 పోతుంది. బీమా, ప్రయాణాలకు ఇంకో 120 వేయండి. ఈ 420 పూడటానికే మూడున్నర నెలలు కావాలి. పరిస్థితి బాగోలేదని రెండో నెలలో పంపించేస్తే చేతి డబ్బు వదిలినట్టే.

అందుకే జీతం ఇంకాస్త పెంచమని బేరమాడకండి. భద్రతా కారణాలతో పని ఆగినా కనీసం 4 నెలల జీతం ఇస్తామని ఒప్పందంలో రాయించుకోండి. 'అనివార్య పరిస్థితులు' అనే క్లాజు ఉంటే, దాని కింద చెల్లింపు ఆపే వీలుందేమో చూడండి. చాలామంది చదవకుండా సంతకం పెట్టేది దానిమీదే.

ఇక బీమా. టర్మ్ పాలసీ అంటే మరణిస్తే కుటుంబానికి డబ్బిచ్చే బీమా. అది యుద్ధంలో మరణానికి వర్తిస్తుందా లేదా అన్నది పాలసీని బట్టి ఉంటుంది. వెళ్లే చోటు, చేసే పని రాసి బీమా సంస్థకు మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ప్రమాద, వైకల్య రైడర్లు (పాలసీకి అదనంగా జోడించుకునే కవర్లు) సాధారణంగా యుద్ధాన్ని మినహాయిస్తాయి. ఇంటికి ఎక్కువ భారమయ్యేది అక్కడే: గాయపడి సంపాదించలేకపోతే టర్మ్ పాలసీ సాధారణంగా ఒక్క రూపాయి ఇవ్వదు. ప్రభుత్వం వెళ్లవద్దన్న చోటికి వెళితే మామూలు ప్రయాణ బీమా మామూలు జ్వరానికి కూడా పనికిరాకపోవచ్చు. కాబట్టి యుద్ధ ప్రమాదాలకు విడిగా కవర్ ఉండాలి, దాని ప్రీమియం ఉద్యోగమిచ్చే సంస్థే కట్టాలి. గాయపడినవారిని ఆసుపత్రికి తరలించడం ఒకటి, క్షేమంగా ఉన్నవారిని ప్రాంతం దాటించడం ఇంకొకటి. రెండూ పాలసీలో ఉన్నాయో లేదో అడగండి.

జీతం మీ సొంత దేశంలోని ఖాతాలోనే పడాలి. అక్కడ బ్యాంకులు మూతపడినా, ఆంక్షలు వచ్చినా డబ్బు చిక్కుకుపోతుంది. ఏటీఎంలు పనిచేయని రోజులకు రెండు మూడు వారాల ఖర్చు చిన్న నోట్లలో దగ్గర ఉంచుకోండి. ఆరు నెలల ఈఎంఐలు ఉమ్మడి ఖాతాలో వేసి, నామినీ, వీలునామా, పవర్ ఆఫ్ అటార్నీ పూర్తిచేశాకే బయల్దేరండి.

సంస్థ బీమా కట్టనంటే వద్దనే చెబుతాను. కడతానంటే, రాజీనామాకు ముందు ఇప్పటి యజమానిని ఏడాది జీతం లేని సెలవు అడిగి చూడండి. అది దొరికితే ఆ 300 నష్టం ఉండదు. మూడున్నర నెలల గడువు ఒక్క నెలకు దిగుతుంది.