మూడెకరాలూ కాఫీకే ఇచ్చేయకు

అమ్మడూ,

వైజాగ్‌లో ఉద్యోగం మానేసి ఊరికొచ్చేస్తున్నావట, పట్టా భూమి మూడెకరాల్లోనూ కాఫీ పెడతావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇళ్లలో చదువుకున్న పిల్లలు కొండ దిగిపోవడమే గానీ తిరిగి ఎక్కిరావడం అరుదు. చింతపల్లి సంతలో కనిపించినవాళ్లందరికీ "మా మేనకోడలు వచ్చేస్తోంది" అని చెప్పేశాను. ఇంటికొచ్చి పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. మొత్తం భూమి ఒక్క పంటకే ఇచ్చేయమని నీకు ఎవరు చెప్పారే?

నారు, గుంతలు, నాటడం ఇవన్నీ గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ వాళ్లు, కాఫీ బోర్డు వాళ్లు చెబుతారు. ఎర్రగా పండిన కాయే కొయ్యి. తోలు ఒలిచి గింజలు కడిగాక మట్టి నేల మీద ఆరబెట్టకు, వాసన పట్టేస్తుంది. పట్టా అటవీ హక్కుల చట్టం కింద వచ్చింది కాబట్టి దాన్ని అమ్మడానికి లేదు, పిల్లలకి సంక్రమిస్తుంది అంతే. దాని మీద మీ అమ్మ పేరు కూడా ఉందో లేదో చూడు. భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలని చట్టంలోనే ఉంది. లేకపోతే ముందు ఆ పని చూడు, మొక్కలు తర్వాత.

ఇక మీ తాత సంగతి. మీ నాన్న ఆ ఊసెత్తడు కాబట్టి నేనే చెప్పాలి.

నువ్వు కాఫీ పెడతానంటున్న ఆ వాలులోనే అప్పట్లో పెద్ద పనస చెట్లు, మామిళ్లు, కల్లు గీసే జీలుగు చెట్టు ఒకటి ఉండేవి. పైన చోళ్లు, సామలు, కందులు పండే భూమి చెక్క. పోడు మాని కాఫీ వెయ్యండి, కొండ నిలుస్తుంది అని సర్కారు వాళ్లు మొక్కలిచ్చారు. ఆ మాటలో అబద్ధం లేదు. పూర్వం ఒక చెక్కని కొన్నేళ్లు బీడు వదిలేస్తే అడవి మళ్లీ లేచేది. జనం పెరిగి, బీడు వదిలే ఏళ్లు తగ్గిపోయాక వానకి మట్టంతా గెడ్డలోకి పోయేది. కాఫీ పుణ్యాన చాలా కొండల మీద చెట్టు నిలిచింది. మీ తాత కాఫీ వెయ్యడం తప్పు కాదు, వేసిన తీరు తప్పు. కాఫీకి నీడ కోసం పెట్టే సిల్వర్ ఓక్ చెట్ల వరసలు తిన్నగా రావాలని, నీడ ఎక్కువైపోయిందని పనసలు కొట్టించేశాడు. చోళ్ల చెక్కలో కూడా కాఫీయే పెట్టాడు. సిల్వర్ ఓక్ ఎదిగేలోపు మొక్కలు బాహాటంగా ఎండలో నిలబడ్డాయి. ఎండ తగిలే కాండమంటే తొలుచు పురుగుకి ఇష్టం, గుడ్లు అక్కడే పెడుతుంది. ఆకులు పసుపు తిరిగాయి. కాండం మీద ముసలివాళ్ల చేతి నరాల్లా ఉబ్బు గీతలు లేచాయి. ఎరువు చాలలేదనుకుని ఎరువు వేశాడు. ఓ రోజు మొక్కని పట్టుకుని వంచితే పుటుక్కున విరిగింది. లోపలంతా సొరంగం, అందులో రంపపు పొట్టు గట్టిగా కూరేసి ఉంది. పక్క మొక్క వంచాడు, అదీ అంతే. ఆ పూట ఇంటికొచ్చి అన్నం తినలేదు.

అది చాలదన్నట్టు 2001, 2002 ప్రాంతంలో ప్రపంచమంతా కాఫీ ధర పడిపోయింది. వియత్నాంలో పంట విరగబడి పండిందని కొండ మీద మాకెవరు చెబుతారు? షావుకారు చెప్పిందే ధర. ఇంట్లో చోళ్లు లేవు. అంబలికి చోళ్లు సంతలో కొనుక్కోవడం మా అమ్మకి ఎంత సిగ్గో! అందుకు డబ్బు కావాలి, డబ్బుకి పూత రాకముందే షావుకారు దగ్గర అడ్వాన్సు. అడ్వాన్సు తీసుకున్నాక కాయ అతనిదే, తూకం అతనిదే, ధరా అతనిదే. మీ చిన్నాన్న చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది అప్పుడే. మీ తాత మంచివాడే, మన కోసమే చేశాడు.

కాబట్టి ముందు ఒక్క ఎకరమే వెయ్యి, అదీ ఉన్న చెట్ల కిందే. మోడుల్లోంచి మళ్లీ చిగిర్చి పెద్దవైన పనసల్ని ముట్టుకున్నావో, నేనే వచ్చి గొడ్డలి లాక్కుంటా. చెట్లు లేని చోట సిల్వర్ ఓక్ పెట్టు, మిరియాల తీగకి బాగుంటుంది, కాకపోతే దాని ఆకు తొందరగా కుళ్లదు. పురుగు రెక్కలొచ్చి ఎగిరేది ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అంతకు ముందే కొబ్బరి పీచుతో కాండాలు రుద్ది, లేచిన బెరడు తీసెయ్యి. గుడ్లు పెట్టడానికి దానికి పగుళ్లు దొరకవు. పురుగు పట్టిన మొక్కని పీకి కాల్చెయ్యి, కట్టెలకని ఇంటి పక్కన పేర్చకు.

పైచెక్క చోళ్లకీ కందులకీ వదిలెయ్యి, అడ్డంగా రాతి గట్లు వేయించు. అంచులో ఉన్న చీపురు గడ్డి పీకే ముందు మీ అమ్మని అడుగు. కాఫీ డబ్బు కోతల కాలంలో ఒక్కసారి వస్తుంది, శ్రావణానికి మిగలదు. కొండచీపుర్లు, అడ్డాకులు, చింతపండు, ఉసిరికాయలు అమ్మిన డబ్బు మాత్రం మీ అమ్మ చేతికొస్తుంది, మీ నాన్న చేతికి కాదు. నీ హాస్టల్ ఫీజు దేంతో కట్టిందనుకున్నావ్?

అరకు కాఫీకి 2019లో జీఐ, అదే ఊరి పేరు మీద ఇచ్చే గుర్తింపు, వచ్చింది, ప్యారిస్‌లో కొట్టు కూడా ఉంది అంటావు, తెలుసు. ప్యారిస్ ధర మన సంతకి నడిచి రాదమ్మా. నలుగురూ కలిసి కాయని ఒకచోట పల్పింగ్ చేసి, అంటే తోలు ఒలిచి, లోపలి పొరతో ఆరబెట్టిన పార్చ్‌మెంట్ గింజగా అమ్మితే కాస్త దగ్గరికి వస్తుంది. ఆ పని నీలాంటి చదువుకున్నదానికి చాతనవుతుంది, నాకు ఆశ ఉన్నది అక్కడే.

వచ్చేటప్పుడు స్వెట్టర్ తెచ్చుకో, ఇక్కడి చలి మర్చిపోయి ఉంటావు. ఇంకో సంగతి. మొక్కల ఖర్చుకని ఎవరో ముందే డబ్బిస్తామన్నారని మీ అమ్మ మాట మధ్యలో అని ఆపేసింది. తీసుకున్నావా? తీసుకుంటే ఐదు వేలైనా సరే, ఈ వారంలోనే తిరిగిచ్చెయ్యి. నా చీటీ డబ్బు ఉంది, నేను సర్దుతా. ఉత్తరం అందగానే ఫోన్ చేసి ముందు ఇది చెప్పు.

మీ అత్త