బరువు తగ్గాక మనసు సంగతి: మా చిన్నికి

చిన్నీ,

బరువు సగానికి సగం తగ్గినా గదిలోంచి బయటికి రావడం లేదని మీ అమ్మ బెంగపడుతోంది. సర్జరీ వార్డులో నర్సుగా ఏళ్ల తరబడి చేసి, నీలాగే పదిహేడేళ్లకు బరువు తగ్గడానికి పొట్టకు బైపాస్ ఆపరేషన్ (పొట్టను చిన్నది చేసి పేగుకు కలపడం) చేయించుకున్న పిల్లల్ని ఆ తర్వాత కూడా చూసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఒక మాట. నీలో లోపమేమీ లేదు. ఆపరేషన్ పొట్టకే జరిగింది. బడిలో పెట్టిన పేర్లు, బస్సులో చూసిన చూపులు కత్తికి అందేవి కావు. స్వీడన్‌లో 2006, 2009 మధ్య 13 నుంచి 18 ఏళ్ల పిల్లలు 81 మందికి ఇదే బైపాస్ చేసి, ఐదేళ్ల పాటు గమనించారు. బరువు బాగా తగ్గింది. తమ మీద తమకు గౌరవం పెరిగింది, అదుపు లేకుండా తినడం తగ్గింది. మానసిక వైద్యం అవసరం మాత్రం తగ్గలేదు. అందుకే బీ12 విటమిన్ మాత్రలాగా కౌన్సెలింగ్ కూడా మానొద్దంటాను. బాగున్న నెలలో కూడా వెళ్లు.

బట్టల షాపులో నీ చెయ్యి ఇంకా డబుల్ ఎక్స్ఎల్ కుర్తీల వైపే పోతోందట. కళ్లకు అలవాటు మారడానికి చాలా కాలం పడుతుంది. వేలాడే చర్మం గురించి సిగ్గుపడి దాచుకోకు, డాక్టర్‌తో చెప్పు. అది చాలామంది పిల్లల్ని లోలోపల తినేసే విషయం.

అసలు కష్టం తిండి దగ్గరుంది. ఇదివరకు టెన్షన్ వస్తే పొట్లం మిర్చి బజ్జీలు తిని పడుకునేదానివి. ఇప్పుడు రెండు తింటే కడుపు ఒప్పుకోదు. దుఃఖం మాత్రం వస్తూనే ఉంటుంది, దాన్ని పెట్టుకునే చోటు పోయింది. ఆ ఖాళీలోకి కొందరికి మందు వచ్చి చేరుతుంది. బైపాస్ అయినవాళ్లకు మద్యం తొందరగా రక్తంలోకి ఎక్కుతుంది, కొంచెం తాగినా గట్టిగా పట్టేస్తుంది. అమెరికాలో టీనేజీలో సర్జరీ అయినవాళ్లలో ఏళ్లు గడిచేకొద్దీ తాగుడు సమస్యలు పెరిగాయి. హాస్టల్ పార్టీలో "ఒక్క గుక్కే కదా" అంటారు. వద్దు తల్లీ. ఆ దుఃఖం ఎవరితోనైనా చెప్పుకో, రాసుకో, సాయంత్రం నడకకు వెళ్లు, ఏడుపొస్తే ఏడువు.

పెళ్లి బంతిలో నాలుగు ముద్దలకే లేస్తే "అదేమిటే, ఆకంతా వదిలేశావు, జబ్బా?" అంటారు. "డాక్టర్ ఇంతే తినమన్నారత్తయ్యా" అని చెప్పి లేచెయ్యి. ఆపరేషన్ కథ అందరికీ వినిపించనక్కర్లేదు.

ఒకటి రెండేళ్ల తర్వాత చాలామందికి కొంత బరువు తిరిగి వస్తుంది. అప్పుడే చెకప్‌లు ఎగ్గొట్టడం మొదలెడతారు, తిడతారేమోనని. నువ్వు అప్పుడే తప్పకుండా వెళ్లాలి.

నీరసంగా, దిగులుగా ఉంటే బద్ధకం అనుకోకు. ఐరన్, బీ12, థయమిన్ (బీ1 విటమిన్) తగ్గినా అలా ఉంటుంది, రక్తపరీక్ష చేయించుకో. సైకియాట్రిస్ట్ మందులు రాస్తే బైపాస్ అయిందని ముందే చెప్పు. నెమ్మదిగా కరిగే రకం మాత్రలు కొన్ని మీ పేగుల్లో సరిగా ఒంటబట్టకపోవచ్చు, డాక్టర్ వేరే రకం చూస్తారు.

ఈ సర్జరీ తర్వాత కొందరికి చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తాయి. దాచిపెట్టి చెప్పడం నాకిష్టం లేదు. నీకు అలాంటిది వస్తే ఆ క్షణమే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. నేను ఎత్తకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి చెయ్యి, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడతారు.

ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు సైకాలజిస్ట్ అపాయింట్‌మెంట్ కూడా అడుగు. లోపలికి నువ్వొక్కదానివే వెళ్లు. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ పెద్దమ్మ