మోటారు తిరుగుతోంది, నీళ్లేవీ?

(పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిది ఒకే గొడవ. లాడ్జీలు, షోరూములు, ఆసుపత్రుల అద్దాలు కడిగే పనిలో ఉన్నవాళ్లు రాసినవి. వీపుకు తగిలించుకునే ట్యాంకు, దాని అడుగున 12 వోల్టుల చిన్న మోటారు, సాగదీసే పొడవాటి పోలు, చివర రెండు సన్న నాజిళ్లున్న బ్రష్షు. ఈ సెట్టు ఉంటే నేల మీద నిలబడే రెండో అంతస్తు అద్దం కడిగేయొచ్చు, నీళ్లు వచ్చినంతసేపు. రాకపోతే మాత్రం ఎవరికైనా ముందు తోచేది మోటారు పోయిందనే. నా లెక్కలో మోటారుది ఆఖరి వంతు. ట్యాంకు మూత దగ్గర మొదలుపెట్టి నీళ్లు వెళ్లే దారినే వెతుక్కుంటూ పోవాలి.

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి కొర్లగుంట. నేనూ మా బావమరిదీ బస్టాండు చుట్టుపక్కల లాడ్జీల అద్దాలు కడుగుతాం. 20 లీటర్ల ట్యాంకు సెట్టు. స్విచ్ వేయగానే నీళ్లు బ్రహ్మాండంగా వస్తాయి, కాసేపటికి సన్నబడిపోయి చుక్కలు పడతాయి. ఆపేసి టీ తాగొచ్చి మళ్లీ వేస్తే మామూలే. మెకానిక్ మోటారు మార్చాల్సిందే అంటున్నాడు. బ్రహ్మోత్సవాలు దగ్గరకొస్తున్నాయి, లాడ్జీలవాళ్లంతా ఒకేసారి పిలుస్తారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇప్పుడే మోటారు కొనొద్దు తమ్ముడూ. వేడెక్కి ఆగే మోటారైతే అసలు తిరగడమే మానేస్తుంది, మీది తిరుగుతూనే ఉంది, నీళ్లే తగ్గుతున్నాయి. కాసేపు ఆపితే తేరుకునే జబ్బులు మూడున్నాయి, మూడూ మీరే కనిపెట్టొచ్చు.

మొదటిది ట్యాంకు మూత. నీళ్లు బయటికి పోతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి, అందుకే మూతకు చిన్న బెజ్జం ఉంటుంది, కొన్నిటికి రబ్బరు వాల్వు ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోయినా, నీళ్లు ఒలకకుండా ఉండాలని ఎవరైనా టేపు అంటించినా లోపల గాలి పలచబడి మోటారు ఎంత లాగినా నీళ్లు రావు, ఆపితే మెల్లగా గాలి చేరి మళ్లీ సర్దుకుంటుంది. ఈసారి నీళ్లు తగ్గగానే మోటారు ఆపకుండా మూత వదులు చేయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి ధార పెరిగిందా, దొంగ దొరికినట్టే. పిన్నీసుతో బెజ్జం శుభ్రం చేస్తే సరి.

మూత తీసినా మార్పు లేకపోతే మోటారుకు ముందుండే జాలి చూడాలి. ట్యాంకు అడుగున చేరిన నాచు, ఇసుక, ప్లాస్టిక్ పొట్టు మోటారు లాగుతున్నంతసేపూ జాలికి అతుక్కుని ఉంటాయి, లాగడం ఆపగానే విడిపోయి అడుగుకు జారతాయి. మీరు టీ తాగొచ్చేలోపు జరిగేది బహుశా ఇదే. చాలామంది జాలి విప్పి చూసి ‘శుభ్రంగానే ఉంది’ అంటారు, ఎందుకంటే విప్పేసరికి చెత్త రాలిపోయి ఉంటుంది. అందుకని ఒక్క జాలితో సరిపెట్టుకోకుండా ట్యాంకు మొత్తం బోర్లించి కడగండి, నింపేటప్పుడు మూతి దగ్గర పాత బనియను గుడ్డ కట్టి వడపోయండి.

ఇక బ్యాటరీ. దీనికి వోల్టులు కొలిచే మల్టీమీటరు కావాలి, అద్దాల పనిలో ఉన్నవాళ్ల దగ్గర అది లేకపోవడం నాకు ఎప్పుడూ వింతే. నిండా చార్జయిన లెడ్ బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6, 12.7 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే సగం ఖాళీ. కానీ అసలు పరీక్ష మోటారు తిరుగుతుండగా చేయాలి. ముసలి బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు పన్నెండున్నర చూపించి, మోటారు వేసిన కాసేపటికి 11 కిందికి జారిపోతుంది, ఆపితే మళ్లీ పైకొస్తుంది, మీరు చెప్పిన లక్షణం అచ్చం అదే. బ్యాటరీ దగ్గరా మోటారు వైర్ల దగ్గరా రెండు చోట్లా కొలవండి. రెంటికీ మధ్య అర వోల్టు కన్నా ఎక్కువ తేడా ఉంటే బ్యాటరీని తిట్టకండి, స్విచ్చో, తుప్పుపట్టిన క్లిప్పో తినేస్తోంది.

ప్రశ్న: సార్, తిరుచానూరు నుంచి రాస్తున్నాను. వానల్లో పని లేక సెట్టు మూలన పెట్టేశాను. ఇప్పుడు తీస్తే మోటారు గుయ్‌మంటోంది కానీ చుక్క నీరు రావడం లేదు. చార్జింగ్ నిండుగా ఉంది.

జవాబు: గాలి పట్టింది, లేదా లోపలి రబ్బరు కవాటాలు అతుక్కుపోయాయి. ముందు గాలి సంగతి. మోటారు నుంచి బయటికొచ్చే పైపును పోలు నుంచి విప్పి, దాని కొసను ట్యాంకు కన్నా కిందికి, నేల మీదికి దించి మోటారు వేయండి. ఎదురు ఒత్తిడి లేదు కాబట్టి గాలి బయటికి పోయి నీళ్లు అందుకోవచ్చు. ట్యాంకు నిండుగా ఉంటే ఇంకా సులువు.

నీళ్లు అందుకుని, పోలు తగిలించగానే మళ్లీ బుడగలు బుడగలుగా వస్తుంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మోటారు దాటాక పైపుకు చిల్లి పడితే నీళ్లు కారి మనకు కనబడతాయి, మోటారుకు ముందున్న పైపుకు చిల్లి పడితే మోటారు తిరుగుతున్నప్పుడు నీళ్లు కారవు, గాలే లోపలికి పోతుంది, బయటికి అంతా పొడిగా ముద్దుగా కనిపిస్తుంది. ట్యాంకు నుంచి మోటారు దాకా ఉన్న ఆ జానెడు పైపు, దాని క్లిప్పులు, జాలి గిన్నె కింద ఉండే ఓ-రింగు (గుండ్రటి రబ్బరు వలయం) చూడండి. ఓ-రింగు ఎండి పగిలుంటే కొత్తది వేసి కాస్త సిలికాన్ గ్రీజు పూయండి.

ఇవేవీ కాకపోతే మోటారు తల భాగం విప్పాలి. నాలుగైదు స్క్రూలు, అంతే. ముందు ఫోనుతో ఫోటో తీసుకోండి, తిరిగి బిగించేటప్పుడు ఏది ఎటో అనే గొడవ ఉండదు. లోపల చిన్న రబ్బరు కవాటాలుంటాయి. బోరు నీళ్లు లోపలే వదిలేస్తే అవి ఆరిపోయి తెల్లటి ఉప్పు పొర కట్టి కవాటం మూతపడకుండా అడ్డం పడుతుంది. వంటింట్లో ఉండే నిమ్మ ఉప్పు ఒక చెంచా గోరువెచ్చని గ్లాసు నీళ్లలో కలిపి అందులో నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో మెల్లగా రుద్దితే పోతుంది. బ్లేడు పెట్టి గీకారంటే మాత్రం కవాటం అయిపోయినట్టే. ఇకముందు మూలన పెట్టే ముందు మంచి నీళ్లు ఒకసారి తిప్పి, తర్వాత ఖాళీగా కాసేపు తిప్పి ఆరబెట్టండి, బ్యాటరీని నెలకోసారైనా చార్జి చేయండి.

ప్రశ్న: చిత్తూరు నుంచి. కింది అంతస్తులో ధార బాగుంటుంది. పోలు పైకెత్తితే పడిపోతుంది. పైగా మోటారు ఆగి ఆగి టక్ టక్ మంటుంది. ఎక్కువ ప్రెషర్ మోటారు తీసుకోమంటారా?

జవాబు: ఎత్తు మీద అంత అనుమానం వద్దు. పది మీటర్ల ఎత్తుకు నీళ్లు ఎక్కడానికి కావలసింది సుమారు 14 పీఎస్ఐ (ఒత్తిడి కొలత). మామూలు మోటార్లు 60, 100 పీఎస్ఐ దగ్గర ఆగేలా చేసి ఉంటాయి, అంటే వాటికి అది పెద్ద బరువు కాదు. మీ ఉత్తరంలో అసలు ఆధారం ఆ ‘టక్ టక్’. నీళ్లు పోవడానికి దారి లేక పైపులో ఒత్తిడి పెరిగితే ప్రెషర్ స్విచ్ మోటారును ఆపేస్తుంది, తగ్గగానే మళ్లీ వేస్తుంది. అంటే మోటారు దిట్టంగానే ఉంది, దాని తర్వాత ఎక్కడో ఇరుకైంది. ఎక్కువ ప్రెషర్ మోటారు పెడితే ఆ ఇరుకు దగ్గర పైపు ఊడి మీ మొహాన నీళ్లు కొడుతుంది.

ఎక్కడో తెలియాలంటే లీటరు సీసా, ఫోనులో గడియారం చాలు. పోలు విప్పేసి మోటారు పైపును సీసాలో పెట్టండి. 20 సెకన్లలో నిండితే నిమిషానికి మూడు లీటర్లు, చాలా మంచి ధార. తర్వాత పోలు తగిలించి బ్రష్షు లేకుండా, చివరికి బ్రష్షుతో కొలవండి. బ్రష్షుతో 40 సెకన్లకు నిండినా పని జరుగుతుంది. ఏ మెట్టు దగ్గర టైము ఒక్కసారిగా పెరిగిందో దోషం అక్కడుంది.

పోలు మడిచి ఉన్నప్పుడు బాగుండి, సాగదీసినప్పుడే తగ్గుతోంది కాబట్టి నా అనుమానం లోపలి పైపు మీద. పోలు సాగినప్పుడు బిగుసుకుని కప్లింగ్ దగ్గర మడత పడుతుంది. ఎండలో మెత్తబడిన పీవీసీ పైపుకు ఇది మామూలు జబ్బు, మే నెలలో నలభై డిగ్రీలు దాటే మన దగ్గర మరీను. ఒకసారి మడత పడ్డ చోటే మళ్లీ మళ్లీ పడుతుంది, అక్కడ కోసి జాయింటు వేయడం కన్నా పైపు మార్చడం మేలు. మార్చేటప్పుడు సన్నది చవకని 6 మి.మీ. తెచ్చుకోకండి. 8 మి.మీ. లోపలి వ్యాసమున్న పైపుతో పోలిస్తే 6 మి.మీ. పైపులో అదే ధారకు మూడు నాలుగు రెట్ల ఒత్తిడి వృథా అవుతుంది, పైపు పొడవైన కొద్దీ ఆ నష్టం పెరుగుతుంది.

నాజిళ్లకు సూది పెట్టి పొడిచేవాళ్లకు ఒక మాట. బయటి నుంచి పొడిస్తే చెత్త లోపలికి పోయి మళ్లీ వచ్చి అక్కడే కూర్చుంటుంది. నాజిల్ విప్పి వెనక నుంచి ఊదండి.

అడగలేదు కానీ చెప్పకుండా వదలను. పోలు పైకెత్తే ముందు తల పైకెత్తండి. మన బజారు వీధుల్లో కరెంటు తీగలు బాల్కనీలకు ఎంత దగ్గరగా పోతాయో మీకు తెలుసు. కార్బన్ ఫైబర్ పోలు, అల్యూమినియం పోలు రెండూ కరెంటును పారిస్తాయి, ఫైబర్ గ్లాసు పోలైనా తడిసి మురికి పట్టాక నమ్మడానికి లేదు. తీగ దగ్గరుంటే ఆ అద్దం వదిలేయండి, ఓనరు ఏమన్నా అననివ్వండి.

ప్రశ్న: చిత్తూరు కట్టమంచి నుంచి, నలుగురు ఆడవాళ్లం కలిసి షోరూముల అద్దాల పని చేస్తున్నాం. బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్ల మచ్చలు పడుతున్నాయని ఇంట్లో వాడే ఆర్వో మిషను కొని, దాని పైపు నేరుగా మోటారుకు కలిపాం. మచ్చలు తగ్గాయి కానీ నీళ్లు అసలు రావడం లేదు. ఎక్కడ పొరపాటు?

జవాబు: అమ్మా, ఆలోచన మంచిదే, కలిపిన చోటే తేడా. ఇళ్లలో వాడే ఆర్వో మెంబ్రేను (నీళ్లను వడపోసే పొర) మీద సాధారణంగా 75 జీపీడీ అని ఉంటుంది, అంటే రోజుకు 75 గ్యాలన్లు, సుమారు 280 లీటర్లు. గంటకు పన్నెండు లీటర్లయినా పడవు. మీ మోటారేమో నిమిషానికి రెండు మూడు లీటర్లు లాగుతుంది. కాబట్టి రాత్రి ఆర్వో నీళ్లు డ్రమ్ములో పట్టుకుని, పొద్దున డ్రమ్ములోంచి ట్యాంకుకు పోసుకోండి. డ్రమ్ముకు మూత తప్పనిసరి, వెలుతురు తగిలితే నాచు పడుతుంది. ఆర్వో వదిలేసే నీళ్లు నేల తుడవడానికి పనికొస్తాయి.

మచ్చలు ‘తగ్గాయి’ అన్నారు, పోలేదన్నమాట. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పులు, కొలిచే మీటరు పెట్టి చూడండి. తాగే నీళ్లకు మన ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. తుడవకుండా ఆరబెట్టే అద్దానికి పది లోపు ఉండాలి. బోరులో వెయ్యి ఉంటే ఆర్వో దాటాక కూడా యాభై, వంద మిగలొచ్చు. పైగా ఇంటి మిషన్లలో రుచి కోసం కొంచెం పచ్చి నీళ్లు కలిపే చిన్న స్క్రూ ఒకటుంటుంది, టీడీఎస్ అడ్జస్టరు అంటారు. దాన్ని పూర్తిగా మూసేయండి. ఆ తర్వాత కూడా పది దాటితే మిగిలిన ఉప్పులను పట్టేసే డీఐ రెజిన్ గింజలున్న క్యాట్రిడ్జి ఒకటి పెట్టుకోవాలి. ఆర్వో లేకుండా నేరుగా బోరు నీళ్లకు రెజిన్ పెడితే చూస్తుండగానే అయిపోతుంది, ఖర్చు మీద పడుతుంది.

తిరుపతిలో పనిచేసేవాళ్లు కల్యాణి డ్యాము, తెలుగుగంగ నీళ్లొచ్చే మున్సిపల్ కుళాయిని ఒకసారి, బోరును ఒకసారి మీటరుతో కొలిచి ఏది తక్కువుంటే అది ఆర్వోకు ఇవ్వండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది, అది మెంబ్రేనును పాడుచేస్తుంది, కాబట్టి ముందు కార్బన్ ఫిల్టరు ఉండాలి. ఆర్వో నుంచి వచ్చే ధార రోజురోజుకూ తగ్గుతుంటే ముందుగా మార్చాల్సింది మొదటి గిన్నెలోని మట్టిని పట్టే ఫిల్టరు, మెంబ్రేను తర్వాత.

ప్రశ్న: మా సెట్టుకు డిజిటల్ కంట్రోలరు ఉంది. పైపు ఎక్కడా మూసుకుపోకపోయినా ‘డెడ్ ఎండ్’ అని చూపించి మోటారు ఆపేస్తోంది. – రేణిగుంట రోడ్డు, తిరుపతి

జవాబు: అది మోటారు లాగే కరెంటును బట్టి ఊహిస్తుంది, పైపులోకి తొంగి చూడదు. పైపు పొడవు, నాజిల్, బ్రష్షు ఏది మార్చినా పాత లెక్క తప్పుతుంది. మీరు వాడే పైపు, పోలు, బ్రష్షు అన్నీ తగిలించి క్యాలిబ్రేషన్ (దానికి కొత్త లెక్క నేర్పడం) మళ్లీ చేయండి, పద్ధతి దాని పుస్తకంలో ఉంటుంది. అయినా మానకపోతే లీటరు సీసాతో కొలవండి, నిజంగానే ఎక్కడో సగం మూసుకుపోయి ఉండొచ్చు.

ప్రశ్న: మామిడితోటకు మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ ఇంట్లో ఖాళీగా ఉంది. దానికే బ్రష్షు తగిలించి అద్దాలు కడగొచ్చా? – చిత్తూరు

జవాబు: మోటారు జాతి ఒకటే, అందుకే ఈ సెట్ల ఓ-రింగులు, పైపులు, క్లిప్పులు కొన్నిసార్లు స్ప్రేయర్ సామాన్లు అమ్మే కొట్లలో దొరికిపోతాయి, ముందు అక్కడ అడిగి చూడండి. కానీ మందు కొట్టిన ట్యాంకు మాత్రం వద్దు. ఎంత కడిగినా పైపుల్లో, కవాటాల్లో మందు మిగిలే ఉంటుంది, పై నుంచి పడే ఆ నీళ్లు మీ ఒంటి మీద, కింద పోయేవాళ్ల మీద పడతాయి. నీళ్లలో కలిపే పొడి మందులు వాడి ఉంటే ఆ మడ్డి నాజిళ్లను కూడా పూడ్చేస్తుంది. కొత్త స్ప్రేయర్ ఒకటి కొని దాన్ని అద్దాలకే ఉంచుకోండి, ట్యాంకు మీద పెయింటుతో ‘అద్దాలకు మాత్రమే’ అని రాసి, ఇంట్లో ఇంకెవరూ తోటకు తీసుకెళ్లకుండా తాళం వేసిన చోట పెట్టండి.