అడిగిందేంటి, చెప్పిందేంటి?

ప్రశ్న: సార్, మాది గాజువాక. మొన్న ఒక మీటింగ్‌లో విశాఖ స్టీల్ ప్లాంట్‌కి సొంత ఇనుప ఖనిజం గనులు ఎప్పుడిస్తారని ఒకాయన అడిగితే, స్టేజీ మీద నాయకుడు "మీవాళ్లున్నప్పుడు ఏం చేశారు" అన్నాడు, అందరూ చప్పట్లు కొట్టేశారు, నేనూ కొట్టాను, ఇంటికొచ్చాక ఏదో తేడాగా అనిపించింది. ఇలాంటివి అప్పటికప్పుడు పట్టుకోడం ఎలా?

జవాబు: తేడా ఉందమ్మా. పాతవాళ్లు చెయ్యలేదన్నది నిజమే అనుకుందాం, అయినా గనుల ప్రశ్న అక్కడే ఉండిపోయింది కదా, ఆయన చేసింది టాపిక్ మార్చడం, అంతే.

ఇంకోటి ఇంతకన్నా ప్రమాదం, రెండే దార్లు చూపించడం. 2021 జనవరిలో కేంద్రం ప్లాంట్‌లో 100 శాతం వాటా అమ్మకానికి ఓకే అన్నాక "అమ్మాలి, లేకపోతే మూసెయ్యాలి" అన్న వాదన మనం ఎన్నిసార్లు విన్నాం, మరి 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది, అది సరిపోతుందా లేదా అన్నది వేరే చర్చ గానీ మూడో దారి ఉందనైతే తేలింది కదా!

మాట అర్థం తిప్పేసే ట్రిక్ కూడా ఉంది, మన పాత న్యాయశాస్త్రంలో, అంటే కోర్టు చట్టాలు కాదు, వాదన గురించిన తర్కశాస్త్రంలో, దాన్ని ఛలం అన్నారు. కొత్త కంబళి అనే అర్థంలో "నవ కంబళం" అంటే, తొమ్మిది ఎక్కడున్నాయని ఎదురడగడం. "ప్లాంట్‌ని కాపాడతాం" అన్నప్పుడు కాపాడ్డం అంటే ప్రభుత్వం చేతిలో ఉంచడమా, నడిస్తే చాలనా అని అడగండి.

ఈసారి మీటింగ్‌కి వెళ్తే ప్రశ్నని ఫోన్‌లో టైప్ చేసి పెట్టుకోండి, జవాబయ్యాక ఒకసారి దాన్ని చూసి అప్పుడు చప్పట్లు కొట్టండి.