హెచ్-ఇండెక్స్ చూసి కాటలిసిస్ గైడ్‌ని ఎంచుకోవచ్చా?

మీ ప్రశ్న ఇదీ: పీహెచ్‌డీకి చేరాలనుకుంటున్న కాటలిసిస్ (ఉత్ప్రేరకాలతో రియాక్షన్‌ని వేగపరచడం) ల్యాబ్ గైడ్‌కి గూగుల్ స్కాలర్‌లో హెచ్-ఇండెక్స్ 52, స్కోపస్‌లో 41. ఏది నమ్మాలి, అసలు అది ఎంత గొప్ప?

హెచ్-ఇండెక్స్ అంటే, కనీసం అన్నేసి సైటేషన్లు (వేరే పేపర్లలో ఉటంకింపులు) వచ్చిన పేపర్ల సంఖ్య: హెచ్ 4 అంటే నాలుగు పేపర్లకు కనీసం నాలుగేసి. మీరు చెప్పిన రెండు అంకెలూ నిజమే. స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్ తాను ఎంచుకున్న జర్నల్స్, కాన్ఫరెన్స్ సంపుటాలు, పుస్తకాల నుంచే లెక్కేస్తుంది. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్‌లో రాకముందే బయటపెట్టిన పేపర్లు) కూడా కలుపుకుంటుంది కాబట్టి అక్కడ అంకె సాధారణంగా పెద్దదే. ఇద్దరు గైడ్లను పోల్చాలంటే మాత్రం ఇద్దరికీ ఒకే డేటాబేస్ వాడాలి.

హెచ్-ఇండెక్స్‌ని 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఐదు పేపర్లకు 25, 12, 9, 4, 3 సైటేషన్లుంటే హెచ్ 4. ఆ 25 రేపు 2,500 అయినా హెచ్ 4 దగ్గరే ఉంటుంది. వయసుతో పెరుగుతుందే కానీ తగ్గదు. పదేళ్లుగా ల్యాబ్‌లో కొత్త పని ఏమీ జరగకపోయినా ఈ అంకె ఆ సంగతి చెప్పదు.

ముందు ప్రొఫైల్ సరైనదో కాదో చూడండి. మన పేర్లతో ఇది పెద్ద తలనొప్పి. ఇంటిపేరు ముందు, ఇనీషియల్ ఒక్కోచోట ఒక్కోలా. హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో కాటలిసిస్ మీద పనిచేసిన లక్ష్మీకాంతం గారి పేపర్లే కొన్నిచోట్ల ‘కాంతం ఎం.ఎల్.’ అని, కొన్నిచోట్ల ‘లక్ష్మీకాంతం ఎం.’ అని కనిపిస్తాయి. ఒకరి పేపర్లు రెండు ప్రొఫైల్స్‌గా చీలొచ్చు, ఇద్దరు రెడ్డి గార్ల పేపర్లు ఒకదాంట్లో కలిసిపోవచ్చు. ఆర్కిడ్ నంబర్ (ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) ఉంటే దాంతో సరిచూడండి. స్కోపస్‌లో సొంత సైటేషన్లు తీసేసి చూసే వీలుంది, అదీ ఒకసారి నొక్కండి. అంకె బాగా పడిపోతే కారణం వెతకండి.

తర్వాత పేపర్లను సైటేషన్ల వరుసలో పెట్టి పైనున్న పది తెరవండి. రివ్యూలు (ఇతరుల పనిని కూర్చి చెప్పే వ్యాసాలు) ఎన్ని, సొంత ప్రయోగాలెన్ని? కాటలిసిస్‌లో రివ్యూలు సైటేషన్లను గుంజుకుంటాయి. మియౌరా, సుజుకి 1995లో కెమికల్ రివ్యూస్‌లో రాసిన వ్యాసాన్ని కప్లింగ్ (రెండు అణువులను కార్బన్-కార్బన్ బంధంతో కలపడం) చేసే ప్రతివాళ్లూ అలవాటుగా ఉటంకిస్తారు. సుజుకి లాంటివాళ్లకి రివ్యూ వెనక సొంత ఆవిష్కరణ ఉంది. పైవన్నీ రివ్యూలే అయి, కింద ప్రయోగాలు పలచగా ఉంటే ఆలోచించండి. గైడ్ పేరుకి కరెస్పాండింగ్ నక్షత్రం (పేపర్‌కి బాధ్యుడైన రచయిత గుర్తు) ఉందా, గత ఐదేళ్లలో ఎన్నింటికి ఉందీ చూడండి.

సైటేషన్ మెచ్చుకోలే కానక్కర్లేదు. 2003లో లెడ్‌బీటర్ బృందం మామూలుగా కాటలిస్ట్‌గా వాడే పల్లాడియం లోహం లేకుండానే సుజుకి కప్లింగ్ జరిగిందని రాసింది. 2005లో అదే బృందం, వాడిన సోడియం కార్బోనేట్‌లో 50 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో 50) పల్లాడియం ఉందనీ, పని చేసింది అదేననీ బయటపెట్టింది. నిజాయితీగా చేసిన పనే. కానీ మొదటి పేపర్‌ని తప్పుకు ఉదాహరణగా చూపించినా అది లెక్కలో ఒక సైటేషనే.

అందుకే ఆ పదిలో రెండు మూడు ప్రయోగ పేపర్ల సప్లిమెంటరీ ఫైల్ (పేపర్‌తో జతచేసే ప్రయోగ వివరాలు) చదవండి. ‘ఐదుసార్లు రీసైకిల్, ప్రతిసారీ 98 శాతం’ అని, అంటే అదే కాటలిస్ట్‌ని ఐదుసార్లు వాడినా ప్రతిసారీ 98 శాతం ఉత్పత్తి వచ్చిందని ఉంటే, సమయం చూడండి. రెండు గంటల్లో ముగిసే రియాక్షన్‌ని 24 గంటలు నడిపితే, యాక్టివిటీ ఐదో వంతుకు పడిపోయినా 98 శాతమే వస్తుంది. తెలిసినవాళ్లు 30–40 శాతం కన్వర్షన్ (ముడిపదార్థం మారిన శాతం) దగ్గర ఆపి రేటు పోలుస్తారు. లీచింగ్ (ఘన కాటలిస్ట్ నుంచి లోహం ద్రావణంలోకి కరగడం) పరీక్షకూ అంతే: రియాక్షన్ సగంలో ఉండగా, వేడిమీదే వడకట్టాలి. చల్లారాక వడకడితే ద్రావణంలోకి కరిగిన పల్లాడియం మళ్లీ సపోర్ట్ (లోహాన్ని మోసే ఘనపదార్థం) మీద చేరిపోయి, లీచింగ్ లేదనిపిస్తుంది. వడకట్టిన ద్రావణంలో రియాక్షన్ ఇంకా సాగుతోందంటే పని చేస్తున్నది ఘన కాటలిస్ట్ ఒక్కటే కాదు, కరిగిన లోహం కూడా.

ల్యాబ్‌కి మాట్లాడటానికి వెళ్లినప్పుడు హెచ్-ఇండెక్స్ ఊసెత్తకండి. ‘ఐసీపీ-ఎంఎస్‌తో లోహం కొలిచిన డేటా ఏ పేపర్‌లో ఉందండీ, అది చదివి వస్తాను’ అనండి. ఐసీపీ-ఎంఎస్ అంటే అతి తక్కువ లోహాన్నీ కొలిచే పద్ధతి. గైడ్ వెంటనే పేపర్ పేరు చెబుతారో, సీనియర్ స్కాలర్ వైపు చూస్తారో గమనించండి.