గ్రంథాలయాలు పాత ఫోటోలను ఫ్లికర్ అనే ఫోటోల వెబ్‌సైట్‌లో ఎందుకు పెడతాయి?

ప్రచారం ఒక్కటే కాదు, ఫోటోలో ఉన్నదెవరో, ఏ ఊరో తెలిసినవాళ్లు చెబుతారని కూడా పెడతాయి. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2008 జనవరిలో 3,000కు పైగా ఫోటోలు అక్కడ పెట్టింది. దాదాపు సగం బెయిన్ వార్తాసంస్థ తీసినవి, 1910ల నాటివి. ఫోటో తీసిన గాజు పలక (నెగెటివ్) మీద రాసిన వివరం ఒక్కోసారి ఇంటిపేరు వరకే ఉంటుంది. ఆ ఒక్క ముక్కతో కేటలాగులో ఎవరిని పట్టుకోగలం? చూసినవాళ్లు పాత పత్రికలు తిరగేసి పూర్తి పేరు, తేదీ, సందర్భం కామెంట్లలో రాశారు. (సిబ్బందే చేయాలంటే ఏళ్లు పట్టే పని.) అయితే కామెంటు పెట్టగానే అది కేటలాగులోకి ఎక్కేస్తుందనుకోవడం పొరపాటు. సిబ్బంది ఆధారాలు సరిచూసుకున్నాకే రికార్డు మారుస్తారు.